జిరాక్స్ షాపులో మీ ఆధార్ మిగిలిపోకూడదంటే ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో 12 ఏళ్లు జిరాక్స్, నెట్ సెంటర్ నడిపాను. షాపు వేరేవాళ్లకు అప్పజెప్పే ముందు రోజు రాత్రి, కంప్యూటర్లు ఖాళీ చేసి ఇద్దామని కూర్చున్నాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఎంత కిందికి జరిపినా తరగలేదు. ఆధార్లు, పాన్ కార్డులు, పెళ్లి బయోడేటాలు, పట్టాదారు పాసుపుస్తకాలు, స్కానింగ్ రిపోర్టులు, ఒకరి విడాకుల పిటిషను, ఒక పెద్దాయన వీలునామా. వీటిని దాచిపెట్టమని నాకెవరూ ఇవ్వలేదు. ఒక్క ప్రింటు కోసం ఇచ్చారు. ప్రింటు పట్టుకెళ్లారు, ఫైలు నా దగ్గరే ఉండిపోయింది. నేను ఎవరి కాగితమూ ఎవరికీ అమ్మలేదు. అయినా ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ అవన్నీ కనపడుతూనే ఉన్నాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక ఏడాది ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో, మా దగ్గర పనిచేసే కుర్రాడు ఒక అమ్మాయి ఫోన్ నంబరును ఆమె అప్లికేషన్‌లోంచి తీసుకుని మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టాడు. మొదట సీటు వచ్చిందా అని, తర్వాత ఫారంలో ఫొటో బాగుందని. నాలుగో రోజున ఆ పిల్ల తండ్రి వచ్చాడు. కేకలు వేయలేదు. కౌంటర్ మీద చేతులు పెట్టి, "మేం మిమ్మల్ని చూసి ఇచ్చాం గదమ్మా నంబరు" అన్నాడు. కుర్రాణ్ని అప్పటికప్పుడు పంపించేశాను, ఆయనకు క్షమాపణ చెప్పాను. కానీ ఆయన అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ నంబరు అక్కడ మిగిలిపోయేలా షాపు నడిపింది నేనే.

అందుకే ఇది రాస్తున్నాను. కౌంటర్‌కు అవతల నిలబడే మీరు ఏమేం చేయాలో, ఇవతల కూర్చుని చూసినదాన్ని కాబట్టి వరసగా చెబుతాను. చివర్లో షాపు నడిపేవాళ్లకు కూడా కొంత ఉంది.

బయల్దేరే ముందు

ముందు, ఆ పనికి షాపు దాకా వెళ్లాలా అని చూడండి. మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి మన మిత్ర అనే వాట్సాప్ సేవ నడుస్తోంది, నంబరు 9552300009. ఇదివరకు నెట్ సెంటర్‌లో క్యూ కట్టి చేయించుకున్న పనులు చాలావరకు ఇప్పుడు అందులోనే అవుతున్నాయి. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు, మార్కుల మెమో లాంటివి చట్టం దృష్టిలో ఒరిజినల్‌తో సమానం. ఫోన్‌లో చూపిస్తే సరిపోయే చోట కాపీ తీయించడమే అక్కర్లేదు. ఫోన్ వాడకం అలవాటు లేని పెద్దవాళ్లకు వార్డు సచివాలయం ఉంది.

షాపుకే వెళ్లాల్సి వస్తే, ఏ కాగితం అడిగారో అదొక్కటే పట్టుకెళ్లండి. మా షాపుకు చాలామంది ఒక ప్లాస్టిక్ కవర్‌తో వచ్చేవాళ్లు. ఇంట్లో అందరి ఆధార్లు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు అన్నీ అందులోనే. కవర్ మొత్తం మా కుర్రాడి చేతిలో పెట్టి, "ఏది కావాలో చూసుకో నాయనా" అనేవాళ్లు. ఏటీఎం కార్డు మీద పిన్ రాసి ఉన్న కవర్లు కూడా చూశాను.

ఆధార్ అడిగారంటే మొదట అడగాల్సిన మాట: "దీనికి ఆధారే కావాలా, వేరే ఐడీ పనికొస్తుందా?" 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు, స్కూల్లో చేర్చడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని స్పష్టంగా ఉంది. ప్రభుత్వ పథకాలు, పాన్ కార్డు సంగతి వేరు, వాటికి కావాలి. లాడ్జికి, కొరియర్‌కు, హాస్టల్‌కు ఓటరు కార్డో లైసెన్సో చాలు. మన దగ్గర ఎవరు ఏమడిగినా ముందు చేతికొచ్చేది ఆధారే, అది అలవాటైపోయింది.

ఆధారే ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. 12 అంకెల్లో మొదటి 8 దాచేసి, చివరి 4 మాత్రమే చూపించే కార్డు అది. మై ఆధార్ సైట్‌లో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ లాగిన్ అయ్యి డౌన్‌లోడ్ చేసేటప్పుడు, మాస్క్‌డ్ ఆధార్ కావాలా అని ఒక గడి కనపడుతుంది. అక్కడ టిక్ పెట్టండి. ఇది ఇంట్లో, మీ ఫోన్‌లోనే చేయండి. షాపు కంప్యూటర్‌లో చేయకండి.

ఎందుకంటే ఆ పీడీఎఫ్‌కు ఉండే పాస్‌వర్డ్‌ను చూసి చాలామంది ధైర్యపడతారు. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, ఆ పక్కన మీరు పుట్టిన సంవత్సరం. అందరికీ ఇదే పద్ధతి. మీ పేరు, వయసు తెలిసినవాళ్లు ఎవరైనా తెరవొచ్చు. మేం రోజుకు ఎన్నో తెరిచేవాళ్లం, మిమ్మల్ని అడక్కుండానే. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది: కాపీలు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు, నెట్ సెంటర్ల కంప్యూటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దు, దించుకుంటే అన్ని కాపీలూ శాశ్వతంగా తీసేయండి అని. జనం భయపడేలా ఉందని రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. నా మటుకు నాకు అందులో తప్పు మాట ఒక్కటీ కనపడలేదు.

కాగితం చేతికిచ్చేటప్పుడు

కాపీ తీసిన వెంటనే, అక్కడే నిలబడి దాని మీద పెన్నుతో అడ్డంగా రాయండి: ఎందుకోసం, ఎవరికి, ఏ తేదీన. "ఫలానా ఇంటి అద్దె ఒప్పందం కోసం మాత్రమే", కింద తేదీ, సంతకం. ఫొటో మీద, నంబరు మీద పడకుండా, మిగతా అక్షరాల మీదుగా పోయేలా రాయండి. ఒక పనికి ఇచ్చిన కాపీని ఇంకో పనికి వాడటం దీంతో కష్టమవుతుంది. మోసం మొత్తం ఆగిపోతుందని చెప్పను. కానీ మీ పేరు మీద సిమ్ తీయాలనుకునేవాడికి ఏ రాతా లేని కాపీ పక్కనే దొరుకుతుంటే, మీది ముట్టుకోడు.

పాడైన కాపీ సంగతి ఎవరికీ గుర్తుండదు. సరిగా పడనిది, సగమే వచ్చినది, నల్లగా వచ్చినది మేం పక్కన బుట్టలో పడేసేవాళ్లం. వారానికోసారి పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేవాళ్లం. ఆ కాగితాలు ఎక్కడ తేలతాయో గుంటూరులో సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలబడినవాళ్లకు తెలుసు. నా చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం కట్టిన కాగితం వెనక ఒకామె బ్యాంకు స్టేట్‌మెంటు ఉండటం నేను కళ్లారా చూశాను. మీ పాడైన కాపీ అడిగి తీసుకోండి. "ఆ చెడిపోయింది కూడా ఇచ్చేయండి" అంటే ఎవరూ కాదనరు. దానికి డబ్బులు కూడా అడగరు.

అలాగే లేచేటప్పుడు స్కానర్ మూత ఒకసారి ఎత్తి చూడండి. ఒరిజినల్ ఎక్కువగా మర్చిపోయేది ఆ అద్దం మీదే.

ఇక వాట్సాప్. "ఈ నంబరుకు పంపండి, ప్రింటు తీస్తాను" అని గోడ మీద రాసి ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ కాగితాలు మిగిలేది దీనివల్లే. మీరు పంపిన ఫొటో షాపు ఫోన్‌లో చేరుతుంది, గ్యాలరీలో చేరుతుంది, కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ ద్వారా డౌన్‌లోడ్స్‌లో చేరుతుంది. ఒక్క ప్రింటుకు మూడు కాపీలు. ఆ ఫోన్ రాత్రికి ఎవరింటికి పోతుందో మీకు తెలియదు. మీ నంబరు, మీ డీపీలో ఉన్న పిల్లల ఫొటో కూడా అక్కడే ఉండిపోతాయి.

వీలైతే పెన్‌డ్రైవ్ వాడండి. అందులో ఆ ఒక్క ఫైలే ఉంచండి, ఇంటి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ తేకండి. షాపు కంప్యూటర్‌కు పెట్టిన పెన్‌డ్రైవ్‌కు వైరస్ అంటుకోవచ్చు, కాబట్టి ఇంటికెళ్లాక స్కాన్ చేయకుండా తెరవకండి. వాట్సాప్ తప్పకపోతే, ప్రింటు చేతికి రాగానే అక్కడే నిలబడి "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కండి. దాంతో చాట్‌లోది పోతుంది గానీ, డౌన్‌లోడ్స్‌లో పడినది పోదు. అది షాపు వాళ్లే తీయాలి. "అన్నా, ప్రింటు వచ్చేసింది కదా, నా ఫైలు తీసేయవా" అని అడగండి. నోరు తెరిచి అడగాలంటే మొహమాటం. వాళ్లను దొంగలన్నట్టు ఉంటుందేమోనని. మా షాపులో అలా అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. అడిగినవాళ్ల ఫైళ్లు తీసేశాను, అడగనివాళ్లవి ఉండిపోయాయి. అంతకు మించి రహస్యం ఏమీ లేదు.

కంప్యూటర్ ముందు

అప్లికేషన్ పెట్టించుకునేటప్పుడు జరిగే పెద్ద తప్పు మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు దగ్గర జరుగుతుంది. "నీకు మెయిల్ లేదా? పర్లేదు, మాది వేస్తాలే" అంటారు. మంచికే అంటారు, క్యూ కదలాలి కదా. కానీ ఆ రోజు నుంచి మీ అప్లికేషన్‌కు అసలు తాళంచెవి షాపు వాళ్ల దగ్గర ఉంటుంది. హాల్ టికెట్, ఫలితం, పాస్‌వర్డ్ మార్చే లింకు అన్నీ వాళ్ల మెయిల్‌కు పోతాయి. రెండేళ్ల తర్వాత ఆ షాపు ఉండకపోవచ్చు. ఒక్క సాయంత్రం కూర్చుని మీకంటూ ఒక మెయిల్ ఐడీ పెట్టుకోండి. మీ నంబరుతోనే రిజిస్టర్ చేయించండి.

పాస్‌వర్డ్ మీరే టైపు చేయండి. టైపింగ్ రాకపోయినా ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టండి, వెనకవాళ్లు విసుక్కున్నా సరే. చాలా షాపుల్లో వచ్చినవాళ్లందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెడతారు, తర్వాత గుర్తుంచుకోవడం సులువని. లేదంటే ఒక లాంగ్ నోట్‌బుక్‌లో పేరు, నంబరు, పాస్‌వర్డ్ వరసగా రాసి పెడతారు. మాదీ ఉండేది అలాంటి పుస్తకం. మీ పాస్‌వర్డ్ మీ పుస్తకంలో ఉండాలి, వాళ్ల దాంట్లో ఉండకూడదు.

బ్రౌజర్ తెరిచాక కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో వస్తుంది. దాన్ని మూసేస్తే మీ లాగిన్, మీరు చూసిన పేజీలు అక్కడ మిగలవు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు మాత్రం మిగులుతుంది. ఇది చాలామందికి తెలియదు. మామూలు విండోలోనే పని అయితే, పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని పైన అడిగినప్పుడు "నెవర్" నొక్కండి.

ఇంజనీరింగ్ సీటు కోసం కాలేజీల వరస ఎంచుకునే ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల దగ్గర కొంచెం ఆగాలి. ఏటా బ్రాడీపేటలో, అటు విజయవాడ గవర్నర్‌పేటలో నెట్ సెంటర్ల ముందు అర్ధరాత్రి దాకా తల్లిదండ్రులు నిలబడే రోజులవి. పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ ఎవరి చేతిలో ఉంటే ఆప్షన్లు వాళ్ల చేతిలో ఉన్నట్టే. "మీకెందుకు, మేం మంచి కాలేజీలు పెడతాం" అనే మనిషికి ఫలానా కాలేజీ నుంచి అడ్మిషన్‌కు ఇంత అని కమీషన్ వస్తుండొచ్చు. పిల్లవాడి నాలుగేళ్ల చదువు ఆ వరసలో ఉంటుంది. కాలేజీల వరసను ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎక్కించేది ఎవరైనా సరే, ఒక్కో కోడ్ మీరు చదివి సరిచూసుకోండి. సేవ్ అయ్యాక ఆప్షన్ల ప్రింటు తీసుకోండి. ఇంటికెళ్లాక మీ ఫోన్‌లో లాగిన్ అయ్యి, పాస్‌వర్డ్ మార్చే వీలుంటే మార్చండి, గడువు ముగిసే లోపు ఆ వరస అలాగే ఉందో లేదో ఇంకోసారి చూడండి.

ఓటీపీ, వేలిముద్ర

"ఓటీపీ ఎంతమ్మా?" అని షాపు వాళ్లు కేకేస్తే, బయట మెట్ల మీద నిలబడినవాళ్లకు కూడా వినపడేలా చెబుతారు మనవాళ్లు. చెప్పే ముందు ఆ మెసేజ్ మొత్తం చదవండి. ఓటీపీ దేనికో అందులోనే రాసి ఉంటుంది. మీరు అడిగింది పాన్ కార్డు, మెసేజ్‌లో ఉన్నది అప్పు కోసమో కొత్త సిమ్ కోసమో అయితే, అక్కడే ఆపేసి లేచి రండి. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లు ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి అక్షరం అక్షరం చదివించుకోండి. ఫోన్‌ను షాపు కుర్రాడి చేతికిచ్చి "నువ్వే చూసుకో" అనకండి.

వేలిముద్ర ఇంకా జాగ్రత్త. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అక్కర్లేదు. చదువురాని వాళ్లకు, పెన్షన్‌దారులకు ఎంతో మేలు చేసిన ఏర్పాటు అది. అదే దారిలో దొంగలూ వచ్చారు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల ఏజెంటు ఒకడు రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్‌లు తీసి దొరికిపోయాడు. తర్వాత అదే పద్ధతిలో ఖాతాల నుంచి డబ్బు తీసిన ముఠాలనూ తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకున్నారు.

దీనికి మందు మీ చేతిలోనే ఉంది. మై ఆధార్‌లోగానీ ఎంఆధార్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. అది వేస్తే మీ వేలిముద్రతో, కనుపాపతో ఎవరూ ఏమీ చేయలేరు, మీరు కూడా. పెన్షన్, రేషన్ లాంటివి వేలిముద్ర వేసి తీసుకునేవాళ్లు ఆ రోజు లాక్ తీసి, పని అయ్యాక మళ్లీ వేయాలి. మామ్మగారికి నెలనెలా అది చేసిపెట్టే మనవడో మనవరాలో ఇంట్లో ఉంటేనే వేయండి. లేకపోతే పెన్షన్ రోజున ఆమె ఇబ్బంది పడుతుంది. అలాంటి ఇళ్లలో ఇంకో పని చేయొచ్చు. ఆమె ఖాతాకు మెసేజ్‌లు వచ్చే నంబరు, ఇంట్లో ఫోన్ చూసే మనిషిదై ఉండేలా మార్పించండి.

యంత్రంలో వేలు పెట్టించుకున్న మనిషి "పడలేదు, ఇంకోసారి" అంటే, ప్రతిసారీ స్క్రీన్ చూపించమని అడగండి. డబ్బు తీసుకున్నాక రసీదు అడగండి.

లేచే ముందు

డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, స్కాన్ ఫోల్డర్. ఈ మూడు చోట్లా మీ ఫైలు ఉందేమో చూసి షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి, లేదా తర్వాత రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. మెయిల్ లాగౌట్ చేయండి. మర్చిపోయి ఇంటికొచ్చేస్తే కంగారు పడకండి. మీ ఫోన్‌లో గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద మీ డివైజ్‌లు కనపడతాయి, అక్కడి నుంచే ఆ కంప్యూటర్‌ను బయటికి పంపొచ్చు. మీ వాట్సాప్‌ను షాపు కంప్యూటర్‌లో తెరిచి ఉంటే లింక్డ్ డివైజెస్‌లోకి వెళ్లి లాగౌట్ చేయండి. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీయించుకున్న ఆడపిల్లలు ఆ ఫైళ్లు తప్పకుండా తీసేయించాలి. ఎన్నో షాపుల్లో ఆ ఫొటోలు డెస్క్‌టాప్ మీదే వరసగా పరిచి ఉంటాయి.

మాట వచ్చింది కాబట్టి, ఫోన్ రిపేరుకు ఇచ్చేటప్పుడూ ఇంతే. సిమ్, మెమరీ కార్డు తీసి ఇవ్వండి. శామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉంటాయి. అవి వేస్తే మీ ఫొటోలు, మెసేజ్‌లు కనపడకుండా ఫోన్ బాగుచేయొచ్చు. స్క్రీన్ మార్చడానికి లాక్ నంబరు ఎందుకని నిలదీయండి.

ఇంటికొచ్చాక, అప్పుడప్పుడూ

కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ సైట్‌లో మీ నంబరుతో లాగిన్ అయితే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది. మీవి కానివి ఉంటే అక్కడే "నాది కాదు" అని నొక్కొచ్చు. ఒక మనిషి పేరు మీద 9 దాకా సిమ్‌లు ఉండనిస్తారు, కాబట్టి ఒకటో రెండో ఎక్కువైతే దానంతట అది బయటపడదు, మీరే చూడాలి. మై ఆధార్‌లో అథెంటికేషన్ హిస్టరీ అని ఉంటుంది, గత 6 నెలల్లో మీ ఆధార్‌ను ఎవరు ఎప్పుడు సరిచూశారో అందులో తెలుస్తుంది. మన అప్పుల చరిత్ర ఉంచే సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థలు ఒక్కోటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. మీరు తీసుకోని అప్పు మీ పేరున ఉంటే అక్కడ తెలుస్తుంది.

జరగకూడనిది జరిగితే

డబ్బు పోతే మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ తర్వాతే ఇంట్లో చెప్పడం, ఏడవడం. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోయే లోపు ఆపగలిగితేనే వెనక్కి వచ్చే ఆశ, అందుకే అంత తొందర. వెంటనే బ్యాంకుకూ చెప్పండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్ ప్రకారం మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం వల్ల పోయి, మీరు 3 పనిదినాల్లో చెబితే నష్టం మీ మీద పడదు. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే ఒక పరిమితి దాకా మీరు భరించాలి. ఓటీపీ మీరే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పే క్షణం దాకా పోయినది మీది, చెప్పాక పోయినది బ్యాంకుది. ఒక్క గంట ఆలస్యం కూడా మీ జేబులోంచే పోతుంది.

మీ కాగితాలతో ఎవరో సిమ్మో అప్పో తీసుకున్నారని తెలిస్తే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వండి. ఇంకొకరి గుర్తింపును మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం, 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. "ఇది మా పరిధి కాదు" అని స్టేషన్‌లో తిప్పి పంపడానికి వీల్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది.

ఫొటోలతో బెదిరిస్తుంటే డబ్బు ఇవ్వకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు కూడా ఉంది. 18 ఏళ్లు దాటినవాళ్లకు స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైట్ ఉంది. ఫొటోను మీ ఫోన్ దాటనివ్వకుండా దాని డిజిటల్ గుర్తును మాత్రం తీసుకుని, అందులో చేరిన సోషల్ మీడియా కంపెనీలు ఆ ఫొటోను అడ్డుకునేలా చేస్తుంది. అమ్మాయి ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పిందంటే, "నువ్వెందుకు పంపావు" అనే మాట మీ నోట రాకుండా చూసుకోండి. ఆ మాటకు భయపడే చాలామంది చెప్పకుండా కుమిలిపోతున్నారు.

షాపు నడిపే అన్నలకు, అక్కలకు

2011 నాటి సైబర్ కెఫె నియమాలు మనకు తెలిసినవే. కంప్యూటర్ వాడినవాళ్ల గుర్తింపు కార్డు చూసి, వివరాలు రిజిస్టర్‌లో కనీసం ఏడాది ఉంచాలి. అది పోలీసుల అవసరం కోసం పెట్టిన నియమం. వచ్చినవాళ్ల వీలునామాలు, రిపోర్టులు, ఫొటోలు దాచమని అందులో ఎక్కడా లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. దేనికోసం తీసుకున్నామో దానికే వాడాలి, పని తీరాక తీసేయాలి అన్నది దాని సారం. చట్టం మన గుమ్మం దాకా ఎప్పుడొస్తుందా అని చూడక్కర్లేదు, ఇవాళ రాత్రి షట్టర్ దించే ముందే మొదలుపెట్టొచ్చు.

విండోస్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ అని ఉంది. డౌన్‌లోడ్స్‌లో తెరవకుండా ఉన్న ఫైళ్లను ఇన్ని రోజులు దాటితే దానంతట అదే తీసేసేలా పెట్టొచ్చు. ఒక్క రోజు అని పెట్టండి. షాపు వాట్సాప్‌లో మెసేజ్‌లు 24 గంటలకు మాయమయ్యేలా డిఫాల్ట్ టైమర్ పెట్టండి. ఫొటోలు వాటంతటవే గ్యాలరీలో చేరే సెట్టింగ్ ఆపకపోతే ఆ టైమర్ పెట్టినా లాభం లేదు, అది ముందు ఆపండి. షాపు ఫోన్ షాపులోనే ఉండాలి, కుర్రాళ్ల సొంత ఫోన్లకు కస్టమర్ ఫైలు ఏదీ పోకూడదు. పని నేర్పే మొదటి రోజునే ఆ మాట చెప్పండి, నేను చెప్పకుండా వదిలేసిన మాట అది. పాడైన కాపీలను తూకానికి వేయకండి. కాగితాలు ముక్కలు చేసే చిన్న ష్రెడర్ కొనలేకపోతే, బకెట్‌లో నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నకు పిసికితే ముద్దయిపోతుంది. ఆఖరి రెండేళ్లూ మేం అలాగే చేశాం. పాస్‌వర్డ్‌లు రాసిన ఆ లాంగ్ నోట్‌బుక్‌ను కూడా అదే బకెట్‌లో వేశాను.